వస్తువు జాతకం ఎవరు రాస్తారు?



ఈ పాఠాన్ని ఒక తప్పుతో మొదలుపెడుతున్నాం. ఆ తప్పు మాదే.

కొన్నేళ్ల కిందటి మాట. అప్పుడు మేము వేరే రాష్ట్రంలో పనిచేస్తున్నాం. విద్యాలయ ప్రదర్శన కోసం మా పిల్లలచేత 'పచ్చని నగరం' అనే నమూనా చేయించాం. అందులో చెట్లున్నాయి, సైకిల్ దారులున్నాయి, ఇళ్ల కప్పులమీద సౌర ఫలకాలున్నాయి, వాననీటి గుంటలున్నాయి. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. బహుమతి కూడా వచ్చింది.

అయితే ఆ నగరమంతా థర్మాకోల్. చెట్లు రంగు అద్దిన స్పాంజి. నీళ్లున్నచోట నీలం ప్లాస్టిక్ కాగితం. వీటన్నిటినీ కలిపి పట్టి ఉంచింది వేడి జిగురు. ప్రదర్శన ముగిసిన మర్నాడు దాన్ని దాచడానికి చోటు దొరకలేదు. విడదీసి మళ్లీ వాడుకుందామంటే జిగురు ఊడి రాలేదు. పాత సామాన్లు కొనే ఆయన చూసి, చేతులు అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. చివరికి గోడ వెనకకు చేరిన నమూనాకు, అక్కడున్న ఎండుటాకులతో పాటు ఎవరో నిప్పు పెట్టారు. నల్లటి పొగ, ముక్కులు మండే వాసన. మా ఏడో తరగతి పిల్ల ఒకతె కిటికీలోంచి చూసి అడిగింది: "సార్, మన పచ్చని నగరం ఇంత నల్లగా కాలుతోందేమిటి?"

ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు నయా రాయపూర్‌లో, మా తెలుగు తరగతి పిల్లలతో కలిసి, ఆ జవాబును వెతుక్కుంటూ రాసినదే ఈ పాఠం.

తప్పు ఎక్కడ జరిగింది?

నిప్పు పెట్టినవాళ్లదే తప్పని అనుకోవచ్చు. చెత్త ఎత్తనివాళ్లదని అనుకోవచ్చు. కానీ కొంచెం ఆలోచిస్తే, ఆ నమూనా నాలుగో రోజున చెత్త అవుతుందన్న సంగతి మొదటిరోజే తేలిపోయింది. థర్మాకోల్ కొనాలని మేము నిర్ణయించుకున్నప్పుడే, జిగురుతో అతికించాలని అనుకున్నప్పుడే దాని చివరి గతి నిశ్చయమైపోయింది. ఆ తర్వాత ఎవరు ఎంత జాగ్రత్తగా ఉన్నా పెద్దగా చేయగలిగింది లేదు.

మన ఇళ్లలో బిడ్డ పుట్టాక జాతకం రాయిస్తారు. వస్తువు విషయంలో మాత్రం పుట్టకముందే జాతకం రాసేస్తారు. అది ఎన్నాళ్లు బతుకుతుంది, ఎంత కరెంటు తాగుతుంది, పాడైతే బాగుపడుతుందా, చివరికి మట్టిలో కలుస్తుందా, కార్ఖానాకు తిరిగి వెళ్తుందా, వందల ఏళ్లు కాలువలో పడి ఉంటుందా అన్నవన్నీ గీత గీసే బల్లమీదే నిర్ణయమవుతాయి. ఆ జాతకం రాసే పనినే రూపకల్పన అంటాం. పర్యావరణానికి హాని తగ్గేలా ఆలోచించి రాస్తే అది పర్యావరణహిత రూపకల్పన.

ఐదు అంచెలు

ఏ వస్తువైనా ఐదు అంచెలు దాటుతుంది. ముడిసరుకు తీయడం, తయారు చేయడం, చేరవేయడం, వాడడం, పారేయడం. ఈ ఐదింటినీ కలిపి చూడడాన్ని జీవితచక్ర దృష్టి అంటారు. దీన్ని లెక్కకట్టే పద్ధతికి ఐఎస్ఓ 14040 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. ఒక్క అంచెనే చూసి వస్తువు మంచిదో చెడ్డదో చెప్పలేం. ఒక్కొక్క అంచె దగ్గర ఆగి, రూపకర్త ఏమని ప్రశ్నించుకోవాలో చూద్దాం.

మొదటి అంచె, ముడిసరుకు. "ఇది మళ్లీ పెరిగేదేనా? లేక తవ్వితే తరిగిపోయేదా? ఇంత అవసరమా?" వెదురు మళ్లీ మొలుస్తుంది. పెట్రోలియం మళ్లీ మొలవదు. ఇత్తడి తవ్వి తీసిన లోహాలతో చేసినదే అయినా ఎన్నిసార్లయినా కరిగించి పోయవచ్చు.

రెండో అంచె, తయారీ. "ఎంత వేడి, ఎంత నీరు, ఎలాంటి విషం?" పని చేసేవాడి ఊపిరితిత్తుల్లోకి ఏం పోతోందన్నది కూడా ఈ ప్రశ్నలో భాగమే.

మూడో అంచె, చేరవేత. "డబ్బాలో ఉన్నది సరుకా, గాలా?" చిప్స్ ప్యాకెట్టు విప్పినప్పుడు మీకే తెలుస్తుంది. ఒకదాంట్లో ఒకటి దూరే గిన్నెల వరసను చూడండి. పది గిన్నెలకు ఒక్క గిన్నెకు పట్టే చోటు కన్నా కొంచెం ఎక్కువ చాలు.

నాలుగో అంచె, వాడకం. కొన్ని వస్తువులు పుట్టినప్పటికన్నా బతికినన్నాళ్లే ఎక్కువ హాని చేస్తాయి. మన తరగతి గది ఫ్యానునే తీసుకుందాం. పాతరకం సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బీఎల్‌డీసీ మోటారున్న ఫ్యాను సుమారు 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. తేడా 45 వాట్లు. గదిలో నాలుగు ఫ్యాన్లు రోజుకు ఆరు గంటలు తిరిగితే 45 × 4 × 6 = 1080 వాట్ అవర్లు, అంటే ఒక యూనిట్‌కు కొంచెం పైన. 200 పనిదినాలకు 216 యూనిట్లు. మన దేశంలో గ్రిడ్ నుంచి వచ్చే ఒక్కో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆ లెక్కన ఒక్క తరగతి గదిలో ఏడాదికి 150 కిలోలు. మన రాష్ట్రంలో కోర్బా గనుల బొగ్గు ఎంత మండుతోందో మీకు తెలుసు. ఆ బొగ్గుకూ మన నెత్తిమీద తిరిగే రెక్కకూ మధ్య ఉన్న లంకె, మోటారును ఎలా చేశారన్నదే.

ఐదో అంచె, ముగింపు. "పని అయిపోయాక ఇది ఎక్కడికి వెళ్తుంది?" వస్తువు వెళ్లడానికి మంచి దారులు రెండే ఉన్నాయి. మట్టిలోకి వెళ్లాలి, లేదా కార్ఖానాకు తిరిగి వెళ్లాలి. ఆకు మట్టిలోకి వెళ్తుంది. స్టీలు గ్లాసు తూకానికి పోయి మళ్లీ స్టీలవుతుంది. చిక్కంతా విడదీయరాకుండా కలిపేసిన వస్తువులతోనే. చిప్స్ ప్యాకెట్టులో ప్లాస్టిక్ పొర, అల్యూమినియం పూత అంటుకుని ఉంటాయి. విడిగా ఉంటే రెండింటికీ దారి ఉండేది. కలిసిపోయాక రెండింటికీ లేదు. మా పచ్చని నగరానికి జరిగింది ఇదే.

ఈ ఐదు ప్రశ్నలకు ముందు సున్నా ప్రశ్న ఒకటుంది: "అసలు ఈ వస్తువు కావాలా?" దీన్ని మరిచిపోతే మిగతా ఐదింటికీ విలువ లేదు.

బదిలీ లారీ నేర్పిన పాఠం

మాది బదిలీల బతుకు. పన్నెండేళ్లలో ఐదు ఊళ్లు మారాం. సామాను సర్దిన ప్రతిసారీ ఏ వస్తువు బుద్ధిగా పుట్టిందో, ఏది తొందరలో పుట్టిందో తెలిసిపోతుంది.

మా ఇంట్లో తాతగారి నాటి నవారు మంచం ఒకటుంది. నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, ఒక నవారు చుట్ట. ఒక్క మేకు లేదు. పట్టెలు కోళ్ల తొర్రల్లోకి దిగుతాయి, నవారు బిగిస్తే మంచం నిలబడుతుంది. విప్పితే కట్టెల మోపంత. ఐదు బదిలీల్లో ఒక పట్టె విరిగింది. ఊరి వడ్రంగి ఒక్క పట్టె మాత్రం చేసిచ్చాడు. నవారు రెండుసార్లు మార్చాం. మంచం ఇంకా మంచమే.

రెండో ఊళ్లో మేము మోజుపడి పార్టికల్ బోర్డు బీరువా కొన్నాం. చూడ్డానికి బాగుంది, ధర తక్కువ. మొదటి బదిలీకి విప్పి మళ్లీ బిగిస్తే స్క్రూలు పట్టలేదు. చెక్కపొడిని జిగురుతో అదిమి చేసిన పలక అది, ఒకసారి స్క్రూ తీసిన చోట మళ్లీ పట్టు దొరకదు. రెండో బదిలీకి వర్షంలో తడిసి ఉబ్బింది. మూడో ఊరికి రాలేదు.

విప్పడానికి వీలుగా చేయడం, పాడైన భాగాన్ని మాత్రమే మార్చేలా చేయడం అనేవి ఈనాటి పర్యావరణహిత రూపకల్పన పాఠాల్లో ముఖ్య సూత్రాలు. మంచం చేసిన ఆ వడ్రంగి ఈ పేర్లు విని ఉండడు. కానీ ఆయనకు మంచం ఎక్కే మనిషితో పాటు మంచాన్ని మోసే మనిషి కూడా కనిపించాడు.

మీ జేబులోని పెన్నుకూ ఇదే పరీక్ష పెట్టండి. వాడి పారేసే పెన్నులో సిరా అయిపోతే ఒళ్లంతా చెత్తే. తరగతిలో 40 మంది నెలకు రెండేసి పెన్నులు పారేస్తే పది నెలల్లో 800 పెన్నులు. రీఫిల్ మారిస్తే చెత్త తగ్గుతుంది, పూర్తిగా పోదు. సిరా పోసుకునే పెన్ను ఇంకో అడుగు ముందుంటుంది. 1930లలో రాజమహేంద్రవరంలో కె.వి. రత్నం గారు ఎబొనైట్‌తో, చేతిపనితో స్వదేశీ ఫౌంటెన్ పెన్నులు చేశారు. 1935లో గాంధీజీ ఆ పెన్నును మెచ్చుకుంటూ ఆయనకు ఉత్తరం రాశారు. అలాంటి పెన్నుకు పాళీ అరిగితే పాళీ మార్చుకోవచ్చు, పెన్ను పారేయనక్కర్లేదు.

మన చెంబు, వారి నివేదిక

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, మన పరిశ్రమలకు ఎలాంటి రూపకల్పన కావాలో సలహా ఇమ్మని భారత ప్రభుత్వం చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులను పిలిపించింది. వారు దేశం తిరిగి 1958లో ఒక నివేదిక ఇచ్చారు. దాని ఫలితంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ, ఎన్ఐడీ, ఏర్పడింది.

ఈ దేశంలో తాము చూసిన వస్తువులన్నింటిలోకీ వారిని ఎక్కువగా ఆకట్టుకున్నది లోటా. అంటే మన చెంబు. ఎంత నీరు పట్టాలి, నిండుగా ఉన్నప్పుడూ ఖాళీగా ఉన్నప్పుడూ బరువు ఎటు తూగాలి, నడుము మీద ఎలా కూర్చోవాలి, నీళ్లు ఎలా ధార కట్టాలి, కడగడం ఎంత తేలిక, చివరికి పాత లోహంగా దాని విలువెంత అన్న ప్రశ్నలన్నీ ఆ రూపంలో ఇమిడి ఉన్నాయని వారు గమనించారు. ఆ చెంబును ఏ ఒక్కరూ గీయలేదు. తరతరాల వాడకం దాన్ని దిద్దింది.

చివరి ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. మన అమ్మమ్మలు ఇత్తడి సామాను కొనేటప్పుడే "పాతదైతే తూకానికి ఎంతొస్తుంది?" అని లెక్క వేసేవారు. ఐదో అంచెను కొనే రోజే చూడడమంటే అదే.

ఏటికొప్పాక: ఐదు అంచెలకు ఒక ఉదాహరణ

ఐదు అంచెలనూ ఒకే వస్తువులో చూడాలంటే మనం ఆంధ్రప్రదేశ్‌కు, అనకాపల్లి జిల్లా వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకు వెళ్లాలి. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మల మీదే. రాష్ట్రాల శకటాల్లో దానికి మూడో స్థానం దక్కింది.

ముడిసరుకు అంకుడు కర్ర. మెత్తని, తేలికైన కర్ర. కొట్టిన మొదలు నుంచి చెట్టు మళ్లీ చిగురిస్తుంది. రెండో ముడిసరుకు లక్క. ఇక్కడ మన ఊరి ప్రస్తావన వస్తుంది. లక్క ఎక్కువగా పండే రాష్ట్రాల్లో జార్ఖండ్‌తో పాటు మన ఛత్తీస్‌గఢ్ కూడా ముందుంది. కుసుమ్, మోదుగ, రేగు చెట్ల లేత కొమ్మలమీద చిన్న పురుగులు లక్కను స్రవిస్తాయి. గిరిజన రైతులు ఆ కొమ్మలను కోసి లక్కను గీకి తీస్తారు. చెట్టు అలాగే ఉంటుంది. ఉంటేనే కదా వచ్చే ఏడు పంట!

తయారీ చూడండి. కర్రముక్కను లేత్ మీద బిగించి తిప్పుతారు. ఉలితో ఆకారం తెస్తారు. తిరుగుతున్న బొమ్మకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. వేరే పొయ్యి అక్కర్లేదు, ఘాటైన వార్నిష్ అక్కర్లేదు. మొగలి ఆకుతో ఒత్తి మెరుపు తెస్తారు. తిప్పి చేసిన బొమ్మ కాబట్టి గుండ్రంగా వస్తుంది, గుచ్చుకునే మూలలుండవు. పసిపిల్లకు అదే కావాలి.

వాడకంలో బ్యాటరీ లేదు. ముగింపులో మిగిలేది కర్ర, లక్క. రెండూ చెట్టు మీదనుంచి వచ్చినవే.

అయితే ఈ కథ నేరుగా నడవలేదు. మధ్యలో రసాయన రంగులు వచ్చాయి. అవి చవక, తళుకెక్కువ, పని తొందరగా అవుతుంది. కొన్ని రసాయన రంగుల్లో సీసం వంటి భారలోహాలు ఉండవచ్చు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. పసిపిల్ల చేతిలోని బొమ్మ వెళ్లేది ముందు నోట్లోకే. అంటే కర్ర మంచిదే, పద్ధతి మంచిదే, ఒక్క రంగు మారడంతో బొమ్మ జాతకమే మారిపోయింది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకు చాలా ముందే ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు గ్రామ కళాకారులతో కలిసి ప్రకృతి రంగులను తిరిగి తేవడానికి పూనుకున్నారు. పసుపు కొమ్ము నుంచి పసుపు, నీలిమందు నుంచి నీలం, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు. ఆకులు, గింజలు, వేళ్లు, బెరళ్లతో ఎన్నో ప్రయోగాలు చేశారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఈ భాగం చెబుతుంటే మా తరగతిలో ఒక అబ్బాయి లేచాడు. "సార్, అంతా బాగుంటే బజారులో అన్నీ ప్లాస్టిక్ బొమ్మలే ఎందుకున్నాయి?"

మంచి ప్రశ్న. దాటవేయకూడదు. ప్రకృతి రంగు తీయడానికి రోజులు పడుతుంది, అచ్చులో పోసే ప్లాస్టిక్ బొమ్మకు నిమిషం చాలు. కొన్ని ప్రకృతి రంగులు ఎండకు వెలుస్తాయి, పసుపు మరీను. అన్నిటికన్నా పెద్దది, అంకుడు కర్ర దొరకడం కష్టమవుతోందని అక్కడి కళాకారులు ఎన్నాళ్లుగానో చెబుతున్నారు. చెట్టు మళ్లీ చిగురిస్తుందన్నది నిజమే. కానీ చిగురించే వేగంకన్నా కొట్టే వేగం ఎక్కువైతే, నాటేవాళ్లు లేకపోతే, మళ్లీ పెరిగే ముడిసరుకు కూడా తరిగిపోయే ముడిసరుకే అవుతుంది. కాబట్టి ఏటికొప్పాక బొమ్మ రూపకల్పన లేత్ మిషను దగ్గర పూర్తి కాదు. అంకుడు మొక్క నాటిన రోజున పూర్తవుతుంది. 'ప్రకృతి సిద్ధం' అన్న మాట విన్నప్పుడల్లా "దీన్ని ఎవరు నాటుతున్నారు?" అని అడగడం నేర్చుకోండి.

మన చుట్టూ, ఛత్తీస్‌గఢ్‌లో

ఇక్కడి పెళ్లిళ్లలో దోనా, పత్తల్ చూసే ఉంటారు. దోనా అంటే దొప్ప, పత్తల్ అంటే విస్తరి. సాల ఆకులతో కుడతారు, మాహుల్ ఆకులతోనూ కుడతారు. మాహుల్ అంటే మరేదో కాదు, మన అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యంలో అడ్డాకు అనే తీగే. ఒకే తీగ, ఒకే ఆకు, రెండు భాషల్లో రెండు పేర్లు. ఆకుకు ఆకును కలిపేది సన్నని పుల్ల. జిగురు లేదు, మేకు లేదు. భోజనమయ్యాక ఆవు తింటుంది, లేదా పెంటలో కలుస్తుంది. ఐదో అంచెకు ఇంతకన్నా తేలిక జవాబు లేదు.

కొండగావ్ ఢోక్రా బొమ్మలు ఇంకో దారి చూపిస్తాయి. మట్టి అచ్చుమీద మైనపు తీగలతో బొమ్మ అల్లి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలోకి కరిగిన లోహం పోస్తారు. ఆ లోహం తరచుగా పాత ఇత్తడి సామానే. నిన్నటి గిన్నె నేటి ఏనుగు. బస్తర్ ఢోక్రాకు 2008లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మూడో ఉదాహరణ సర్గుజా జిల్లా అంబికాపూర్. 2019లో అక్కడి నగరపాలక సంస్థ ఒక భోజనశాల తెరిచింది. కిలో ప్లాస్టిక్ చెత్త తెస్తే భోజనం, అరకిలో తెస్తే అల్పాహారం. ఆలోచన గొప్పదే. ఏరుకునేవారి ఆకలి తీరింది, వీధి శుభ్రమైంది. కానీ ఒక్క నిమిషం ఆగి చూడండి. ఒక కవరు బరువు కొన్ని గ్రాములే. కిలో పోగుచేయడానికి ఆ మనిషి ఎన్నిసార్లు నడుం వంచాలి? ఎక్కడో చల్లని గదిలో కూర్చుని ఆ కవరును గీసినవాళ్లు ఒక్కసారి ఆలోచించి ఉంటే, ఇక్కడ ఇన్నిసార్లు వంగాల్సిన పని ఉండేది కాదు. రూపకల్పనలో వదిలేసిన పనిని చివరికి ఎవరో పేదవారు చేతులతో పూర్తి చేస్తారు. ఈ పాఠంలో మీరు ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, ఇది గుర్తుంచుకోండి.

పచ్చరంగు చూసి మోసపోవద్దు

కాగితం కప్పు కాగితమే అనుకుంటాం. లోపల టీ కారకుండా సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. కొన్ని విస్తర్ల వెనక కూడా ఆకు రంగు ప్లాస్టిక్ కాగితం అంటిస్తున్నారు. అప్పుడది ఆకూ కాదు, ప్లాస్టిక్కూ కాదు. ఆవు తింటే ప్రమాదం, మట్టిలో పడితే సగమే కలుస్తుంది.

గుడ్డ సంచి మంచిదే. కానీ పత్తి పండించడానికి నీరు, ఎరువు, రంగు కావాలి. ప్రతి సభలోనూ ఒక సంచి పంచితే, అవి అలమరలో కుప్పపడితే లాభమేమిటి? గుడ్డ సంచి మేలు వందసార్లు వాడడంలో ఉంది. స్టీలు గ్లాసూ అంతే. రోజూ వాడితేనే దానికి పోసిన నిప్పుకు న్యాయం జరుగుతుంది.

మరి మంచి వస్తువును ఎలా గుర్తుపట్టాలి? కేంద్ర ప్రభుత్వం 1991లోనే ఎకోమార్క్ అనే గుర్తును తెచ్చింది. దాని బొమ్మ మట్టికుండ. మట్టితోనే చేసేది, ప్రమాదకరమైన వ్యర్థాలు మిగల్చనిది, తయారీకి తక్కువ శక్తి చాలేది కాబట్టి కుండను ఎంచుకున్నారు. 2024లో దీనికి కొత్త నియమాలు వచ్చాయి. కరెంటు వస్తువులమీద బీఈఈ నక్షత్రాలు చూడండి. నియమాలు కూడా దారి చూపిస్తాయి. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను దేశమంతటా నిషేధించారు. ఆ జాబితాలో అలంకరణ థర్మాకోల్ కూడా ఉంది. మా పచ్చని నగరం అంతకు ముందే కాలిపోయింది.

ఈ ఏడు మా నియమం

ఈ ఏడాది ప్రదర్శనకు మా తెలుగు బృందం ఒక నియమం పెట్టుకుంది. నమూనా మొదలుపెట్టే ముందు ప్రతి జట్టూ ఒక కాగితంమీద దాని జాతకం రాయాలి. ఏ సామాను, ఎక్కడినుంచి, దేనితో కలుపుతున్నాం, ప్రదర్శన మర్నాడు ఒక్కొక్క భాగం ఎక్కడికి వెళ్తుంది. నాలుగో ప్రశ్నకు 'చెత్తబుట్ట' అని రాస్తే సామాను మార్చాలి.

ఒక అమ్మాయి వెంటనే అడిగింది: "సార్, వెదురూ అట్టముక్కలతో చేస్తే థర్మాకోల్ అంత నున్నగా రాదు. మార్కులు తగ్గవా?"

తగ్గుతాయి, నున్నదనానికే మార్కులిస్తే. అంటే పిల్లలు ఏ సామాను ఎంచుకోవాలో మార్కుల పట్టీయే ముందుగా నిర్ణయిస్తోంది. ఆ పట్టీ కూడా ఒక రూపకల్పనే, రాసేది మేమే. అందుకే ఈసారి మా బృందంలో 20 మార్కులలో 5 మార్కులు 'ప్రదర్శన మర్నాడు' అన్న శీర్షికకు పెట్టాం. నాలుగు జట్లు పని మొదలుపెట్టాయి. ఒక జట్టు వెదురు పుల్లలను దారంతో కట్టి వంతెన చేస్తోంది. ఇంకో జట్టు బంకమట్టితో ఊరు చేస్తోంది, పని అయ్యాక మట్టి తోటలోకి వెళ్తుందట. మూడో జట్టు పాత నోటుపుస్తకాల అట్టలను గాడి కోసి ఒకదాంట్లో ఒకటి దూర్చి ఇళ్లు కడుతోంది, మా మంచం పట్టెలు గుర్తొచ్చాయి. నాలుగో జట్టు వేడి జిగురు లేకుండా చక్రాన్ని నిలపలేక రెండు వారాలుగా తంటాలు పడుతోంది. వాళ్లు ఎక్కువ నేర్చుకుంటున్నారని మా నమ్మకం.

ఆ ఏడో తరగతి పిల్ల ఇప్పుడు కాలేజీలో ఉండాలి. ఈ పత్రిక ఆమె దాకా చేరుతుందో లేదో. చేరితే మా జవాబు ఇది: అమ్మా, మన నగరం కాలింది గోడ వెనక కాదు. మేము థర్మాకోల్ కొన్న రోజునే అంటుకుంది. అది అప్పుడు మాకు కనిపించలేదు.

ఆలోచించండి – చేయండి

1. మీ సంచిలోని ఏదైనా ఒక వస్తువు తీసుకుని ఐదు అంచెల జాతకం రాయండి. తెలియని చోట ఇంట్లో పెద్దలను, దుకాణం వారిని అడగండి.

2. మీ ఇంట్లో ఇరవై ఏళ్లు పైబడిన వస్తువు ఏదైనా ఉందా? అది అన్నేళ్లు నిలవడానికి కారణమేమిటి? దాన్ని ఎవరు, ఎన్నిసార్లు బాగుచేశారు?

3. పాడైపోయిన పెన్ను ఒకటి విప్పండి. ఎన్ని రకాల పదార్థాలున్నాయి? విడదీయలేనివి ఏవి? మీరైతే ఎలా మార్చి చేస్తారో బొమ్మ గీయండి.

4. పై ఫ్యాను లెక్కను మీ ఇంటి ఫ్యాన్లతో, మీ ఇంటి గంటలతో మళ్లీ వేయండి.

5. విస్తరి, కాగితం ప్లేటు, స్టీలు కంచం. వంద మంది భోజనానికి ఏది మేలు? నీళ్లున్న ఊరిలో, నీటి కరువున్న ఊరిలో జవాబు ఒకటేనా? తరగతిలో వాదించండి.

కొత్త మాటలు

రూపకల్పన: వస్తువు ఎలా ఉండాలో, ఎలా పనిచేయాలో ముందుగా ఆలోచించి నిర్ణయించడం.
జీవితచక్రం: ముడిసరుకు నుంచి ముగింపు దాకా వస్తువు చేసే ప్రయాణం.
భౌగోళిక గుర్తింపు: ఫలానా ప్రాంతానికే చెందిన వస్తువని చట్టం ఇచ్చే గుర్తింపు.
కోడు: మంచం కాలు. బహువచనం కోళ్లు.
పట్టె: మంచం కోళ్లను కలిపే పొడవాటి కర్ర.
నవారు: మంచానికి అల్లే వెడల్పాటి నూలు పట్టీ.